కాపీ నడుస్తోంది, మెల్లగా నడవండి

కొత్తగా పెళ్లయినవాళ్లకి హనీమూన్ ఎందుకండీ, దండగ! ఇంట్లో ఒక కంప్యూటరూ, దాని హార్డ్ డిస్కుకి వారం వారం కాపీ తీసే ఒక భర్తా ఉంటే చాలదా?

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మా తలుపు మీద ఇద్దరి పేర్లూ రాయించిన పలక ఉంది. దాని రంగు ఇంకా వేలికి అంటుతోంది. ఆ పలక చూసుకోవడానికే పనేమీ లేకపోయినా గుమ్మం దాటి బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వస్తుంటాను. రెండు టూత్ బ్రష్షులు ఒకే గ్లాసులో తలలు ఆనించుకుని నిలబడితే చూసి మురిసిపోయే రకాన్ని నేను. అలాంటి నన్ను పట్టుకుని, దాంపత్య సుఖానికి మూలం ఏమిటమ్మా అని మీరు అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా చెబుతాను. బూటబుల్ బ్యాకప్!

అదేమిటో తెలియని అదృష్టవంతులు మీలో ఇంకా కొందరుండవచ్చు. నాకు మా ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు, పెళ్లయిన మొదటి వారంలోనే. ఆ వారంలో భర్తలు కొత్త పెళ్లికూతుళ్లకి ఇంకేవేవో కబుర్లు చెబుతారట. పాపం, ఆ అమ్మాయిల్ని తలుచుకుంటే జాలేస్తుంది.

మామూలు కాపీ అంటే కంప్యూటర్లో ఉన్న ఫోటోలూ పాటలూ తీసి ఇంకోచోట దాచుకోవడం. ఇల్లు కాలిపోతుందేమోనని బట్టలు మూటగట్టి పక్కింట్లో పెట్టడం లాంటిది. బూటబుల్ కాపీ అలాంటి ఆషామాషీ వ్యవహారం కాదు. ఇల్లు ఇల్లంతా, గోడలూ, తాళంచెవులూ, గుమ్మం ముందు విడిచిన చెప్పులతో సహా, ఇంకో వీధిలో అచ్చం అలాగే కట్టి నిలబెట్టడం! రేపు అసలు డిస్కు గుటుక్కుమన్నా బెంగ లేదు. కాపీ డిస్కు తగిలించి మీట నొక్కితే చాలు, కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి మేలుకుంటుంది.

చెప్పండి, ఏ కాపురానికైనా ఇంతకన్నా కొండంత అండ ఏముంటుంది?

మా ఆయన బీమా కంపెనీలో క్లెయిములు చూస్తారు. అంటే పొద్దున్నించి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల ఇళ్లు కాలిపోవడం, కార్లు గుద్దుకోవడం, పైకప్పులు ఎగిరిపోవడం చదివి, నమ్మాలా వద్దా అని ఆలోచించే ఉద్యోగం. అలాంటి మనిషి ఇంటికొచ్చి తిరుగుతున్న ఫ్యాను కింద ధైర్యంగా కూర్చోవడమే గొప్ప. దానికి తోడు ఆయన పక్క సీట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు. అసలు పేరు ఏదైనా, ఆఫీసంతా ఆయన్ని ప్రళయం అని పిలుస్తారు. ఆయన నోటివెంట శుభవార్త విన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఒకప్పుడు ఆయన ఇంట్లో హార్డ్ డిస్కు చచ్చిపోయి, ఉన్న ఫోటోలన్నీ దాంతోపాటే పోయాయట. అప్పట్నించీ ఊరందరి డిస్కుల చావు కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆ ప్రళయం గారు మా పెళ్లికి వచ్చారు. చేతిలో కానుక పెట్టారు. మా ఆయన చెవి దగ్గరికి వంగి ఇలా దీవించారు.

"నాది పోయిందోయ్. నీదీ పోతుంది. జాగ్రత్త. ఇద్దరూ చల్లగా ఉండండి."

కానుక విప్పి చూస్తే రెండు హార్డ్ డిస్కులు! ఒకటి ఇంట్లో పెట్టుకోవడానికి, ఇంకొకటి ఇంటి బయట ఎక్కడైనా దాచడానికి. ఇల్లే కొట్టుకుపోయిన పక్షంలో, బయట ఉన్నది మిగులుతుందన్నమాట. ఇల్లు కొట్టుకుపోయినప్పుడు ఇంట్లో ఉన్న మా సంగతేమిటి అని నేను అడగలేదు. కొత్త కోడల్ని కదా.

ఇక కాపీ ఎప్పుడు తియ్యాలి? ఆదివారం. ఇంకెప్పుడు కుదురుతుంది? నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. ఆయన పొద్దున్నే వెళ్లిపోతారు, నేను దుకాణం మూశాక ఇల్లు చేరతాను. వారం పొడుగునా మేం ఒకరికొకరు ట్యూబ్‌లైటు వెలుతురులో కనిపించే మనుషులం. పగటి వెలుతురులో ఆయన మొహం ఎలా ఉంటుందో తీరిగ్గా చూసేది ఆ ఒక్కరోజే. మా ఆయన ఎడమ చెంప మీద చిన్న సొట్ట పడుతుంది. అది ఎండలోనే కనిపిస్తుంది. నా ఆస్తుల్లో అది ముఖ్యమైంది.

మా ఊరి చివర నది ఉంది. ఆదివారం పొద్దున ఒకే ఒక లాంచీ అవతలి ఒడ్డుకి వెళ్తుంది. అక్కడ ఇసుకలో మనల్ని వదిలేసి, మళ్లీ సాయంత్రం తీసుకొస్తుంది. పెళ్లయ్యాక వచ్చే మొదటి ఆదివారమే నన్ను ఆ లాంచీ ఎక్కిస్తానని మా ఆయన మాట ఇచ్చారు. నేను నగలు అడగలేదు, నట్రా అడగలేదు. లాంచీ అడిగాను. ఎక్కించేవారే! కానీ అప్పటికే కొత్త డిస్కులు ఇంట్లో అడుగుపెట్టాయి కదా.

"మొదటి కాపీకి కాస్త ఎక్కువసేపు పడుతుందోయ్. రెండోసారి నించి చకచకా అయిపోతుంది. వచ్చే ఆదివారం లాంచీ ఖాయం," అన్నారు.

నేను కట్టుకున్న కొత్త చీరతోనే పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. మా వంటింటి కిటికీలోంచి లాంచీ కూత వినిపిస్తుంది. ఎంత బాగుంటుందో! ఎక్కకుండానే వినొచ్చు. ఇదేమైనా తక్కువ భాగ్యమా?

ఈ కాపీ వల్ల నేను పొందిన లాభాలు చెబుతాను, వినండి. 

మొదటిది, నడక. కాపీ నడుస్తుండగా టేబుల్ కదలకూడదు. టేబుల్ కదలకూడదంటే నేల అదరకూడదు. నేల అదరకూడదంటే భార్య పిల్లిలా నడవాలి. చిన్నప్పట్నించీ మా ఇంట్లో "ఆ ఏనుగు నడక ఏమిటే" అని ఎందరు మొత్తుకున్నా మారని నా నడక, రెండు మూడు ఆదివారాల్లో మారిపోయింది! ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, కరెంటు ఊగుతుంది. తలుపు గట్టిగా వెయ్యకూడదు. తుమ్ము వస్తే బాల్కనీలోకి వెళ్లి తుమ్మాలి. వంటింట్లో గరిటె కింద పడితే, మా ఆయన నన్ను కాకుండా డిస్కుని చూసి "ఏం కాలేదు, ఏం కాలేదు" అని ఊరడిస్తారు. ఎంత సున్నితమైన మనసో చూడండి!

వచ్చేపోయేవాళ్ల కోసం ఆయన తలుపుకి ఒక అట్టముక్క కూడా తగిలించారు. "దయచేసి మెల్లగా నడవండి" అని. మా పైవాటాలో ఉండే డ్రిల్ మాస్టారు ఆదివారం పొద్దున తాడాట ఆడతారు, దెబ్బ దెబ్బకీ మా సీలింగు అదురుతుంది. ఆ బోర్డు చూసి ఆయన తాడాట మానేశారు. ఎందుకు మానేశారో నాకు మర్నాటిదాకా తెలియలేదు. వాళ్లావిడ చేతిలో ఆపిల్ పళ్ల సంచీతో దిగి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఎంతవరకూ వచ్చింది తల్లీ?"

పొద్దున్న దాకా నడిచిన కాపీ గురించే అడుగుతోందనుకుని, "సగంలో ఆగిపోయిందండీ. ఏం ఫర్లేదు, మా ఆయన మళ్లీ మొదట్నించి మొదలుపెడతానన్నారు," అన్నాను.

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. నా తల నిమిరింది. "ఎంత గుండె ధైర్యమమ్మా నీకు!" అంది. మెట్లెక్కుతూ కళ్లు తుడుచుకుంది కూడా.

అప్పట్నించీ మా వీధిలో నాకు దక్కుతున్న మర్యాద అంతా ఇంతా కాదు. కూరగాయల బండి అతను సంచీ నా చేతికివ్వడు, కడుపుతో ఉన్నవాళ్లు బరువులెత్తకూడదంటూ గుమ్మం దాకా మోసుకొస్తాడు. బ్యాకప్ తియ్యని ఏ ఇల్లాలికైనా ఈ యోగం ఉందా?

రెండో లాభం, చేయి చేయి పట్టుకోవడం. కాపీ మొదలుపెట్టే ముందు ఆ సాఫ్ట్‌వేరు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎక్కణ్ణించి? ఎక్కడికి? ఈ రెండూ తారుమారయ్యాయో, అంతే సంగతులు! ఖాళీ డిస్కులోని శూన్యం వచ్చి నిండు డిస్కుని శుభ్రంగా ఊడ్చిపారేస్తుంది. శూన్యానికి అచ్చమైన కాపీ తయారవుతుంది. అందుకని మా ఆయన ఒక్కరే మీట నొక్కరు. నన్ను పక్కన నిలబెట్టుకుని పైకి చెప్పిస్తారు.

"ఎక్కణ్ణించి?"

"లోపల ఉన్నదాంట్లోంచి."

"ఎక్కడికి?"

"బయట ఉన్నదాంట్లోకి."

"గట్టిగా చూశావా? మాట మీద నిలబడతావా?"

"నిలబడతానండీ బాబూ!"

అప్పుడు నా చెయ్యి తీసి మౌస్ మీద పెట్టి, పైన ఆయన చెయ్యి వేసి, ఇద్దరం కలిసి నొక్కుతాం. నిజం చెప్పొద్దూ, పెళ్లిలో కూడా ఆయన నా చెయ్యి అంత గట్టిగా పట్టుకోలేదు. రేపు ఏదైనా నేరం రుజువైతే వేలిముద్రలు ఇద్దరివీ దొరకాలని ఆయన బీమా బుద్ధి. నాకెందుకండీ ఆ గొడవ? పట్టుకున్నారా లేదా, అది చూసుకోవాలి!

మూడోది, ఓర్పు. తెర మీద ఒక నీలం గీత ఉంటుంది. ఎడమ నించి కుడికి పాకుతుంది. పక్కన ఇంకా ఎంతసేపు పడుతుందో రాస్తుంది. పదినిమిషాలు అంటుంది. మనం చీర మార్చుకుంటాం. గంటన్నర అంటుంది. కూర్చుంటాం. "లెక్కిస్తోంది" అంటుంది. ఏం లెక్కిస్తోందో, ఎవరికోసం లెక్కిస్తోందో! ఇల్లు కట్టే మేస్త్రీలూ, పెళ్లికి సిద్ధమయ్యే ఆడపడుచులూ కూడా దీని దగ్గర పాఠం నేర్చుకోవాలి. "లాంచీ టైముకి అయిపోతుందిలే" అంటారు మా ఆయన, గీత మీంచి కళ్లు తియ్యకుండా. లాంచీ కూత వేస్తుంది. గీత ఒక చీమ నడిచినంత నడుస్తుంది. "వచ్చే వారం," అంటారు. 

మీలో కొందరు తెలివైనవాళ్లు ఉంటారు. ఇవన్నీ క్లౌడ్‌లో దాచుకోవచ్చు కదమ్మా, కాపీ దానంతటదే జరిగిపోతుంది కదా అంటారు. జరిగిపోతే మరి ఆదివారం మేమేం చెయ్యాలి? ఊరికే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నది ఒడ్డున కూర్చోమంటారా? సిగ్గుగా లేదూ!

పైగా అలా చేస్తే మా అత్తయ్యకి అన్యాయం జరుగుతుంది. ఇంటి బయట దాచాల్సిన డిస్కు ఉంటుందే, అది మా అత్తయ్య దగ్గరే. ఆవిడ టైలరింగ్ షాపు నడుపుతుంది. షాపు వెనక గదిలో ఇనప బీరువా ఉంది, అందులో జాకెట్ గుడ్డల మధ్య మా డిస్కు నిద్రపోతుంది. ఇంట్లో కాపీ అయిపోగానే, ఆదివారం మధ్యాహ్నం మేం తాజా డిస్కు తీసుకుని వెళ్లి బీరువాలో పెట్టి, అక్కడున్న పాతది తెచ్చుకుంటాం. మా ఆయన మూడు నెలలకోసారైనా తల్లి గడప తొక్కేవారు కాదట. ఇప్పుడు వారం తప్పడం లేదు!

"ఏమే అమ్మాయ్," అంటుంది అత్తయ్య, నోట్లో గుండుసూదులు పెట్టుకునే, "వీడు నన్ను చూడ్డానికి వచ్చాడా, బీరువాని చూడ్డానికి వచ్చాడా?"

"మిమ్మల్నే అత్తయ్యా. బీరువా మీ పక్కనుంది, అంతే."

"ఒరేయ్, వచ్చినవాడివి ఆ కుర్చీలో కూర్చోరా. అమ్మ బతికుందా అని అడగరా."

"కాస్త మెల్లగా మాట్లాడమ్మా, చేతిలో డిస్కుంది," అంటారు మా ఆయన.

ఇంత అన్యోన్యమైన తల్లీకొడుకుల్ని మీరెక్కడైనా చూశారా?

ఇంతకీ మేం ఇన్ని చోట్ల దాస్తున్న సంపద ఏమిటో మీకు చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమో. ఆయన ఎప్పుడో అమ్మేసిన స్కూటరు తాలూకు మాన్యువల్ ఉంది. కాలేజీ హాల్‌టికెట్ ఉంది. పాత ఆఫీసు వాళ్ల ఫోన్ నంబర్లున్నాయి, అందులో సగం మంది ఫోన్లు మార్చేశారు, మిగతా సగం ఈయనతో మాట్లాడరు. "కొత్తది" అని ఒక ఫోల్డరు. తెరిస్తే లోపల "అసలు కొత్తది". అది తెరిస్తే "పాతది". అందులో ఆయన అంతకుముందు కంప్యూటర్ మొత్తం కాపీ, మళ్లీ అందులో హాల్‌టికెట్! రేపు భూకంపం వచ్చి ఊరు ఊరంతా నేలమట్టమైనా, నది పొంగి మనుషులు కొట్టుకుపోయినా, మా ఆయన హాల్‌టికెట్ మాత్రం మిగులుతుంది. ఆ తరవాత పుట్టబోయే మానవజాతి దాన్ని చూసి, ఆయన పరీక్ష ఏ గదిలో రాశారో తెలుసుకుంటుంది. ఎంత నిశ్చింత!

ఒక ఆదివారం నాకో చిలిపి ఆలోచన వచ్చింది.

"ఏమండీ, ఈ కాపీ నిజంగా మేలుకుంటుందో లేదో ఒకసారి తగిలించి చూద్దామా?"

ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. "బీమా డబ్బు వస్తుందో రాదో చూడ్డానికి ఎవరైనా ఇల్లు తగలబెట్టుకుంటారా?" అన్నారు.

నిజమే కదా! నమ్మకం అంటే అదీ. పరీక్షిస్తే అది నమ్మకం ఎలా అవుతుంది? 

ఇలా మా కాపురం మూడు చోట్ల పచ్చగా సాగుతుండగా, మా అత్తయ్య మా కంప్యూటర్ పెట్టెకి ఒక కవరు కుట్టింది. మామూలు కవరనుకునేరు! లోపల దూది, పైన మఖ్మల్, చుట్టూ కుచ్చులు. పొట్టేలుకి స్వెట్టర్ తొడిగినట్టు ముద్దుగా ఉంది. "దుమ్ము పడకూడదని ఏడుస్తుంటావు కదరా, ఇదిగో," అని స్వయంగా వచ్చి తొడిగి వెళ్లింది. మా ఆయన మురిసిపోయారు. కాపీ తీసేటప్పుడు దుమ్ము పడితే ఇంకా ప్రమాదం కదా! అందుకని ఆ ఆదివారం కవరు తియ్యకుండానే కాపీ మొదలుపెట్టారు. తల్లి కుట్టింది తీసి పక్కన పెట్టడానికి చేతులెలా వస్తాయి?

నేను చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, స్టూలు మీద కూర్చున్నాను. ఎందుకంటే ఆ రోజు గీత నిజంగానే గబగబా పాకుతోంది. లాంచీ అందేలా ఉంది! ఆయన కూడా చెప్పులు వేసుకుని కూర్చున్నారు. ఎడమ చెంప మీద సొట్ట పడింది. ఇంతలో ఇస్త్రీ గుడ్డ మాడిన వాసన.

"నువ్వు ఇస్త్రీ ఏమన్నా...?" అన్నారు.

"లేదండీ. ఇక్కడే కూర్చున్నాను కదా."

తెర నల్లబడింది. లోపల ఏదో టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. కవరు మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. లోపల పాపం ఆ పెట్టెకి ఎంత ఉక్కపోసిందో! చూడండి, మా హార్డ్ డిస్కు పాతబడి పోలేదు, వరదకి పోలేదు, భూకంపానికి పోలేదు. కాపీ తీస్తుండగా, దూది దుప్పటి కింద, అత్తగారి ప్రేమ ఎక్కువై ఊపిరాడక పోయింది. ఎంతమంది డిస్కులకి దక్కుతుంది ఆ చావు? సగం కాపీ అయిన బయటి డిస్కు కూడా దాంతోపాటే పనికిరాకుండా పోయింది.

మా ఆయన మీట నొక్కారు, మళ్లీ నొక్కారు, మళ్లీ నొక్కారు. ఆ మొహం చూసి నాకు నవ్వు రాలేదు, నిజంగా రాలేదు. ఫోన్ చేస్తే ప్రళయం గారు అవతల్నించి "చెప్పానా!" అన్నారు. ఆయన గొంతులో అంత సంతోషం పెళ్లినాడు కూడా వినలేదు.

అప్పుడు అత్తయ్య షాపు మూసి, బీరువాలోని డిస్కుని కొంగులో చుట్టుకుని, బస్సెక్కి మా ఇంటికొచ్చింది. కవరు తీసి నాలుగు మడతలు పెట్టి తన సంచీలో వేసుకుంది. మా ఆయన ఆ డిస్కు తగిలించారు. మీట నొక్కారు. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. పైవాటా డ్రిల్ మాస్టారు కూడా బిగబట్టే ఉంటారు.

మేలుకుంది! ఏమీ ఎరగనట్టే, చెప్పినట్టే మేలుకుంది! స్కూటరు మాన్యువల్, హాల్‌టికెట్, కొత్తది, అసలు కొత్తది, అన్నీ తు.చ. తప్పకుండా ఉన్నాయి. మా ఆయన అత్తయ్య ముందే నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పారు. టేబుల్ అదిరింది, ఎవరూ పట్టించుకోలేదు. "దించరా, దాని కాలు తగిలి ఆ పెట్టె కూడా పడుతుంది," అంది అత్తయ్య, నవ్వుతూ. పగలు, ఎండ, సొట్ట, అన్నీ ఒకేసారి! 

చూశారా? ఇన్నాళ్లూ బ్యాకప్‌ని వెటకారం చేసినవాళ్లందరూ ఇప్పుడు తలలు దించుకోవాలి. నేనూ దించుకున్నాను, పైకెత్తి తిప్పారు కాబట్టి అది తేలిగ్గానే జరిగింది.

"హమ్మయ్య! ఇక వచ్చే ఆదివారం లాంచీ," అన్నాను కిందికి దిగుతూ.

ఆయన మొహం మెల్లగా మారింది.

"నీకు అర్థం కావడం లేదు. ఇప్పుడు మనకున్నది ఈ ఒక్కటే. ఇదే అసలు. దీనికి కాపీ లేదు!"

"అయితే?"

"అర్జంటుగా దీనికి కాపీ తియ్యాలి. దానికింకో కాపీ తీసి అమ్మ దగ్గర పెట్టాలి. కొత్త డిస్కులు కదా, మొదటిసారి కాస్త ఎక్కువసేపు పడుతుంది."

అత్తయ్య నా వైపు చూసింది. నేను అత్తయ్య వైపు చూశాను. అత్తాకోడళ్ల మధ్య ఇంత సఖ్యత కుదిర్చిన సాఫ్ట్‌వేరు ఇంకోటి ఉందా?

ఆయన డిస్కులు కొనడానికి వెళ్లినప్పుడు నేను ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇంత కష్టపడి బతికించుకున్నాం కదా, మన సంపద ఏమిటో ఒకసారి కళ్లారా చూసుకుందామని. "పెళ్లి తర్వాత" అని ఒక ఫోల్డరు కనిపించింది. నా గుండె ఝల్లుమంది. ఎంత ప్రేమండీ! నాకు తెలియకుండా దాచారు! తెరిచాను.

అన్నీ ఫోటోలే. ఒక్కో ఆదివారానికి ఒకటి. కాపీ అయిపోయాక తెర మీద "విజయవంతంగా పూర్తయింది" అని వస్తుంది కదా, దాన్ని మా ఆయన ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నారు. క్లెయిముకి రుజువు ఉండాలి, వాళ్ల ఆఫీసులో అది అలవాటు. అంతకుమించి ఆ ఫోల్డరులో ఇంకేమీ లేదు. ఎలా ఉంటుంది? మేం ఎక్కడికీ వెళ్లలేదుగా.

కానీ నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేదాన్ని. అద్దం కనిపిస్తే అందులో ఏముందో చూడకుండా ఉండలేను. ప్రతి ఫోటోలోనూ ఆ నల్లటి తెర మీద మా ప్రతిబింబం పడింది. ముందు ఆయన, మొహానికి ఫోన్ అడ్డం పెట్టుకుని. వెనక నేను. మొదటి ఫోటోలో కొత్త చీర, భుజాన సంచీ, నోరంతా తెరిచి నవ్వుతున్నాను. తరవాతి దాంట్లో అదే చీర, నవ్వు కాస్త తక్కువ. ఆ తరవాత సంచీ నేల మీదికి దిగింది. ఆ తరవాత చీర బదులు ఇంట్లో కట్టుకునే నూలు చీర. చివరి ఫోటోలో కుర్చీ వెనక గుమ్మం ఒక్కటే ఉంది. నేను లేను. టీ పెట్టడానికి వెళ్లి ఉంటాను.

ఆ ఫోటోలన్నిటికీ ఈ ఆదివారం కాపీ తీస్తారు. చాలా భద్రంగా ఉంటాయి.

పాఠకులారా, ఈ వ్యాసం ఈ ఆదివారమే వెయ్యాలని ఎడిటర్ గారిని బతిమాలుకున్నాను. ఎందుకంటే కాపీ నడుస్తున్నంతసేపూ మా ఆయన కుర్చీ కదపకుండా ఈ పేపరు మొదటి పేజీ నించి చిట్టచివరి ప్రకటన దాకా చదువుతారు. ఇప్పుడూ చదువుతున్నారు. బీమా కంపెనీ దగ్గరికి వచ్చేసరికే ఇది ఎవరి గురించో కనిపెట్టి ఉంటారు. గాభరాగా చుట్టూ చూసి ఉంటారు. ఇంట్లో నేను కనిపించి ఉండను. అయినా లేచి వెతకరు, లేస్తే టేబుల్ కదులుతుంది కదా! కాబట్టి మిగతావాళ్లు దయచేసి నన్ను మన్నించి పేజీ తిప్పుకోండి. ఇక్కణ్ణించి ఈ రాత ఒక్కరికే.

ఏమండీ! నేనూ అత్తయ్యా లాంచీ రేవులో ఉంటాం. టికెట్లు మూడు తీసుకుంటాం. "వాడు రాడే అమ్మాయ్, నన్నడుగు," అంటోంది అత్తయ్య. వస్తారని నేను పందెం కాశాను. ఆవిడ ముందు నా పరువు తీస్తారో నిలబెడతారో మీ ఇష్టం. నీలం గీత దగ్గర మీరు కూర్చున్నా అది పాకుతుంది, కూర్చోకపోయినా పాకుతుంది. ఆగిపోతే ఆగిపోనివ్వండి, హాల్‌టికెట్ ఎక్కడికీ పోదు. నేను కొత్త చీరే కట్టుకున్నాను. ఎండ బాగా కాస్తుంది ఇక్కడ.

ఇంకా చదువుతున్నారేంటి? లేవండి!